ఉచిత పాఠాలు, సొంత తీగలు: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

ప్రోగ్రామింగును, చిన్నచిన్న ఎలక్ట్రానిక్ పరికరాల తయారీని ఆన్‌లైన్ ఉచిత పాఠాలతో ఇంటి దగ్గరే నేర్చుకుంటున్నవారు పంపిన ఉత్తరాల్లో ఐదింటికి ఈ సంచికలో జవాబులు ఇస్తున్నాము. స్థలం చాలక ఉత్తరాలను కుదించాము. కొందరు వద్దని కోరినందున ఎవరి పేరూ వేయలేదు.

ప్రశ్న: నేను బీకాం కంప్యూటర్స్ రెండో సంవత్సరం చదువుతున్నాను. ఏడాదిన్నరలో పైథాన్ నేర్పే ఉచిత కోర్సులు ఏడింటిలో చేరాను, ఒక్కటీ మూడో వారం దాటలేదు. వీడియో చూస్తున్నంతసేపు అంతా అర్థమైనట్టే ఉంటుంది, సొంతంగా నాలుగు పంక్తులు రాయబోతే చెయ్యి ఆడదు. ఇంగ్లీషు కూడా అంతంత మాత్రమే. ఏ కోర్సు పట్టుకోమంటారు?
— ఒక విద్యార్థిని, మదనపల్లె

జవాబు: ఎనిమిదో కోర్సు పేరు చెప్పి మీ బరువు పెంచే ఉద్దేశం మాకు లేదు. మీరు చేరిన ఏడింటిలో ఏ అధ్యాపకుని మాట మీ చెవికి తేలిగ్గా ఎక్కుతున్నదో దానినే ఉంచుకొని మిగిలిన ఆరింటి నుంచి బయటికి రండి. వీడియోలో ప్రోగ్రాము రాసే మనిషి తప్పులన్నీ ముందే దిద్దుకొని కెమెరా ముందు కూర్చుంటాడు కనుక మీకు నున్నటి దారి ఒక్కటే కనిపిస్తుంది. గతుకులు మీరు రాసినప్పుడే తగులుతాయి, నేర్చుకోవలసినదంతా ఆ గతుకుల దగ్గరే ఉంటుంది.

మీది పాడి ఎక్కువగా ఉన్న ప్రాంతం కనుక ఇంట్లోనో పక్కింట్లోనో పాలకేంద్రానికి పాలు పోసేవారు ఉండే ఉంటారు. వారి పుస్తకం అడిగి తీసుకొని, పొద్దుటి పాలెన్ని లీటర్లు, సాయంత్రం పాలెన్ని లీటర్లు అని అడిగి రెండూ కలిపి చూపే ప్రోగ్రాము రాయండి. పొద్దున 4, సాయంత్రం 5 అని ఇస్తే మొదటిసారి మీకు చాలావరకు 45 అనే జవాబు వస్తుంది. పైథాన్‌లో ‘ఇన్‌పుట్’ ద్వారా తీసుకున్నదేదైనా అంకె కాదు, అక్షరాల వరుస. అక్షరాలను కూడమంటే అది పక్కపక్కన అతికిస్తుంది. దానిని ‘ఫ్లోట్’తో అంకెగా మార్చుకోవాలని ప్రతి కోర్సులోనూ ఒక వాక్యంలో చెప్పే ఉంటారు, ఆ వాక్యాన్ని మీరు ఏడుసార్లు వినే ఉంటారు. ఒక్క గేదె రోజుకు 45 లీటర్లు ఇచ్చినట్టు తెరమీద చూసినప్పుడు మాత్రం అది ఇక మరుపుకు రాదు. తర్వాత వెన్న శాతాన్ని బట్టి ధర కట్టడం, పది రోజుల బిల్లు తీయడం, ఒక పూట పాలు పోయకపోతే ఖాళీ గడిని ఏం చేయాలో తేల్చుకోవడం వంటివి ఒకదాని వెనుక ఒకటి వస్తాయి. ఒక నెల ఈ బిల్లుతోనే సరిపోతుంది.

ఇంగ్లీషు విషయంలో ఒక మాట. ఐఐటీ బొంబాయి నడిపే స్పోకెన్ ట్యుటోరియల్ పాఠాలు ఒక్కొక్కటి దాదాపు పది నిమిషాలుంటాయి. తెరమీది అక్షరాలు ఇంగ్లీషులోనే ఉంచి గొంతును భారతీయ భాషల్లోకి మార్చారు, వాటిలో తెలుగు కూడా ఉంది. తెరలో సగం పాఠానికి, సగం మీ సొంత పనికి వదిలి, ఆపుతూ చేస్తూ సాగాలన్నది ఆ పాఠాల పద్ధతి. కళకళలాడే గ్రాఫిక్స్ వాటిలో ఉండవు, గొంతు కూడా ఎత్తుపల్లాలు లేకుండా ఒకే తీరుగా సాగుతుంది. చేతితో పని చేయించే విషయంలో మాత్రం వాటికి సాటి వచ్చేవి తక్కువని మా అభిప్రాయం.

ప్రశ్న: మా అబ్బాయి ఇంజనీరింగు మొదటి సంవత్సరంలో ఉన్నాడు. మూడు నెలల కోర్సుకు 45 వేలు కట్టమని ఒక శిక్షణ సంస్థవారు అడుగుతున్నారు. ఆన్‌లైన్‌లో ఉచితంగా వచ్చే సర్టిఫికెట్లను ఎవరూ లెక్కచేయరని కూడా చెప్పారు. నిజమేనా?
— ఒక గృహిణి, నిజామాబాద్

జవాబు: సగం నిజం. వీడియోలు చివరిదాకా నడిపినందుకు దానంతట అదే అచ్చయ్యే సర్టిఫికెట్టును ఉద్యోగమిచ్చేవారు పక్కన పెడతారు. అయితే ఆ మాట 45 వేలు తీసుకొని ఇచ్చే కాగితానికీ అంతే వర్తిస్తుంది.

మన దేశంలో ఐఐటీలు, భారతీయ విజ్ఞాన సంస్థ కలిసి 2003లో మొదలుపెట్టిన ఎన్‌పీటీఈఎల్ దారి వేరు. అక్కడ పాఠాలు, వారం వారం అసైన్‌మెంట్లు పూర్తిగా ఉచితం. సర్టిఫికెట్టు కావాలనుకున్నవారు మాత్రం వెయ్యి రూపాయల రుసుము కట్టి, కేటాయించిన కేంద్రానికి స్వయంగా వెళ్లి, పర్యవేక్షణలో పరీక్ష రాయాలి. వంద మార్కుల్లో 25 అసైన్‌మెంట్లకు, 75 పరీక్షకు లెక్కిస్తారు. మొదటి భాగంలో కనీసం 10, రెండో భాగంలో కనీసం 30 రాకపోతే సర్టిఫికెట్టు రాదు. తప్పే అవకాశం ఉన్న పరీక్ష కనుకనే దానికి కాస్త విలువ ఉంది. చెన్నై మ్యాథమెటికల్ ఇన్‌స్టిట్యూట్‌కు చెందిన మాధవన్ ముకుంద్ గారు పైథాన్‌తో డేటా స్ట్రక్చర్లు, అల్గారిథమ్‌లు చెప్పే ఎనిమిది వారాల కోర్సు మీ అబ్బాయికి సరిపోతుంది. పైగా 2021 నాటి యూజీసీ నిబంధనల ప్రకారం, విశ్వవిద్యాలయం అంగీకరిస్తే, కేంద్ర ప్రభుత్వ ఆన్‌లైన్ పాఠాల వేదిక ‘స్వయం’ మీది ఇలాంటి కోర్సుల క్రెడిట్లను ఒక సెమిస్టరులో 40 శాతం దాకా డిగ్రీలో కలుపుకోవచ్చు. ఆ అంగీకారం ఉన్నదో లేదో కోర్సులో చేరకముందే కాలేజీలో రాతపూర్వకంగా అడిగి ఉంచుకోవాలి.

ఆ సంస్థ పక్షాన చెప్పవలసిన న్యాయం కూడా ఒకటి ఉంది. ఫలానా గంటకు వచ్చి కూర్చోవాలన్న నియమం, సందేహం వస్తే అడగడానికి ఎదురుగా ఒక మనిషి అక్కడ దొరుకుతాయి. ఉచిత పాఠాల్లో లేనివి ఈ రెండే. మీ అబ్బాయి ఇద్దరు స్నేహితులను కలుపుకొని ఆదివారం సాయంత్రాలు మీ ముందుగదిలో కూర్చోగలిగితే ఆ లోటు చాలావరకు తీరుతుంది. మీకు అయ్యే ఖర్చు టీ, మిరపకాయ బజ్జీలు.

ప్రశ్న: పాలిటెక్నిక్‌లో ఈసీఈ చదువుతున్నాను. ఒక వీడియో చూసి, మనం రాసిన ప్రోగ్రామును నడిపే ఆర్డుయినో ఊనో అనే చిన్న బోర్డు మీద ఎల్ఈడీ సెకనుకోసారి వెలిగి ఆరేలా, ‘డిలే’ వాడకుండా ‘మిల్లిస్’తో ప్రోగ్రాము రాశాను. ఎక్కించాక అర నిమిషం చక్కగా నడుస్తుంది, ఆ తర్వాత దీపం ఆరకుండా మసకగా వెలుగుతూ ఉండిపోతుంది. రీసెట్ నొక్కితే మళ్లీ అర నిమిషం బాగుంటుంది. బోర్డు నకిలీదని దుకాణంవారితో గొడవ కూడా పడ్డాను. ఆ వీడియోలో ఇదే ప్రోగ్రాము వారి బోర్డు మీద గంటలకొద్దీ నడిచింది.
— ఒక విద్యార్థి, వరంగల్

జవాబు: ముందుగా ఆ దుకాణంవారికి ఒక నమస్కారం పెట్టి రండి, బోర్డులో దోషమేమీ లేదు. మీరు జతచేసిన ప్రోగ్రాములో చివరిసారి దీపం మారిన సమయాన్ని దాచుకునే చలరాశిని ‘ఇంట్’ అని ప్రకటించారు. తప్పు ఆ ఒక్క మాటలో ఉంది, మీరు చెప్పిన ‘అర నిమిషం’ దాని జాడ పట్టించింది.

ఊనో మీద ఉండే ఏటీమెగా 328పీ అనే చిప్పులో ‘ఇంట్’కు 16 బిట్లు. అందులో పట్టే అతి పెద్ద సంఖ్య 32,767. ‘మిల్లిస్’ అనే ఫంక్షను బోర్డు మేలుకొన్నప్పటి నుంచి గడిచిన మిల్లీసెకన్లను లెక్కిస్తుంది. 32,767 మిల్లీసెకన్లంటే దాదాపు 32.8 సెకన్లు. గడియారం 33,000 చూపినప్పుడు మీ ప్రోగ్రాము ఆ సంఖ్యను ఆ చిన్న గదిలో కుక్కుతుంది. అది పట్టక మైనస్ 32,536గా మారిపోతుంది. మరుక్షణం ప్రోగ్రాము ‘ఇప్పటి సమయంలోంచి చివరి సమయం తీసేస్తే వెయ్యి దాటిందా?’ అని చూసుకుంటుంది. 33,000లోంచి మైనస్ 32,536ను తీసేస్తే 65,536. వెయ్యి దాటింది కనుక దీపాన్ని మారుస్తుంది. తర్వాతి చుట్టులోనూ అదే జరుగుతుంది, ఆ తర్వాతా అంతే. సెకనుకు వేలసార్లు వెలిగి ఆరే దీపాన్ని మన కన్ను విడదీయలేదు కనుక అది మీకు ఆరకుండా మసకగా వెలుగుతున్నట్టు కనిపించింది.

మరి వీడియోలో ఎందుకు నడిచింది? మీరు పంపిన చిత్రాన్ని బట్టి వారి చేతిలో ఉన్నది ఈఎస్‌పీ 32 బోర్డు. దానిలో ‘ఇంట్’కు 32 బిట్లుంటాయి, కనుక అక్కడ ఈ తప్పు తప్పుగా బయటపడదు. ఆ ఒక్క పదాన్ని ‘అన్‌సైన్డ్ లాంగ్’ అని మార్చండి. అందులో దాదాపు 429 కోట్ల మిల్లీసెకన్లు, అంటే 49 రోజులకు పైగా పడతాయి. అది నిండి గడియారం సున్నాకు తిరిగి వచ్చినా ఇప్పటి సమయంలోంచి చివరి సమయాన్ని తీసేసే మీ పద్ధతి చెక్కుచెదరకుండా పనిచేస్తుంది. నమ్మకం కుదరకపోతే చివరి సమయాన్ని సీరియల్ మానిటర్‌లో (బోర్డు పంపే అంకెలను కంప్యూటరు తెరమీద చూపే కిటికీలో) అచ్చు వేయించి, 32 సెకన్లు దాటగానే సంఖ్య ముందు మైనస్ గుర్తు ఎలా వచ్చి కూర్చుంటుందో పాత ప్రోగ్రాముతోనే ఒకసారి చూడండి. వైర్లు, బోర్డు ఏవీ అక్కర లేకుండా బ్రౌజరులోనే బోర్డును నడిపించే వొక్వి అనే సిమ్యులేటరు ఉచితంగా ఉంది. ఒకే ప్రోగ్రామును అందులో ముందు ఊనో మీద, తర్వాత ఈఎస్‌పీ 32 మీద నడిపి పోల్చవచ్చు.

వీడియో చూసి కట్టేటప్పుడు వారి బోర్డేది, మన బోర్డేది అని మొదటే సరిచూసుకోవడం ఇంకొక కారణం వల్ల కూడా అవసరం. ఊనో 5 వోల్టులతో, ఈఎస్‌పీ 32 3.3 వోల్టులతో పనిచేస్తాయి. దూరం కొలిచే అల్ట్రాసోనిక్ సెన్సరు నుంచి 5 వోల్టులు తెచ్చే ఎకో తీగను ఊనోకు నేరుగా కలపవచ్చు. అదే తీగను ఈఎస్‌పీ 32కు కలిపేటప్పుడు మధ్యలో ఒక 1 కిలో ఓమ్, ఒక 2 కిలో ఓమ్ రెసిస్టర్లతో వోల్టేజిని తగ్గించాలి. ‘ఇంట్’ తప్పు రీసెట్ నొక్కితే పోతుంది. ఈ తప్పు పిన్నును కాల్చిందంటే రీసెట్ దానిని బాగుచేయలేదు.

ప్రశ్న: ఐదు హార్స్‌పవర్ బోరు మోటారు ఉంది, పొలం ఇంటికి దూరం. అరవై రూపాయల రిలే (బోర్డు ఆజ్ఞతో పనిచేసే చిన్న స్విచ్చు), వైఫై బోర్డు పెట్టి ఫోనుతో మోటారు వేసుకోవచ్చని ఒక ఉచిత కోర్సులో చూపించారు. డిగ్రీ చదివాను, ఆ కోర్సు పూర్తిచేశాను, ఇంట్లో బల్బుతో చేసి చూస్తే పనిచేసింది. పొలంలో బిగించవచ్చా?
— ఒక రైతు, సూర్యాపేట జిల్లా

జవాబు: బిగించవద్దు. మీరు కోర్సు పూర్తిచేసి, బల్బుతో పరీక్షించి, ఆ పైన అడిగారు. అందరూ ఇదే వరుసలో అడిగితే ఎంతో బాగుండేది. ఆ నీలం రంగు రిలే మీద 10 ఆంపియర్లు, 250 వోల్టులు అని రాసి ఉంటుంది. మీ మోటారుకు వచ్చేది మూడు ఫేజుల 415 వోల్టులు. నడుస్తున్నప్పుడు అది ఏడు ఆంపియర్ల చొప్పున లాగినా, మొదలయ్యే క్షణంలో దానికి ఐదారు రెట్లు లాగుతుంది. ఆ తాకిడికి రిలే లోపలి రెండు రేకులు కాలి అతుక్కుపోతాయి. అప్పుడు ఫోనులో ‘ఆఫ్’ నొక్కినా మోటారు ఆగదు. బోరులో నీరు అయిపోయాక కూడా తిరిగి తిరిగి వైండింగు కాలుతుంది. మీ స్టార్టరు పెట్టెలో ఎక్కువ కరెంటును తట్టుకునే పెద్ద స్విచ్చు లాంటి కాంటాక్టరు, మోటారు మితిమీరి లాగితే ఆపే ఓవర్‌లోడు రిలే ఉన్నది ఇందుకే. ఎలక్ట్రానిక్ బోర్డు చేయగలిగిన పని ఆ కాంటాక్టరు కాయిల్‌కు ఆజ్ఞ ఇవ్వడం వరకే. చాలా స్టార్టర్లలో ఆ కాయిల్‌కు వచ్చేది కూడా 415 వోల్టులే కనుక ఆ భాగాన్ని లైసెన్సు ఉన్న ఎలక్ట్రీషియన్ బిగించాలి, మీరు బిగించకూడదు.

ఇంకొక సంగతి మీ జిల్లావారికి గుర్తుండే ఉంటుంది. 2018 జనవరి 1 నుంచి తెలంగాణలో వ్యవసాయానికి 24 గంటల ఉచిత విద్యుత్తు మొదలైనప్పుడు ఆటో స్టార్టర్లను తీసేయమని ప్రభుత్వమే రైతులను కోరింది. కరెంటు ఉన్నంతసేపూ మోటార్లు వాటంతట అవే నడిస్తే భూగర్భ జలం అడుగంటుతుందన్నది భయం. మోటారును వేయడానికి యంత్రాలు ఎప్పుడో వచ్చాయి. ఎప్పుడు వేయకూడదో చెప్పే యంత్రం మీ చేతిలో ఉన్న బోర్డుతో తయారవుతుంది, దానికి 415 వోల్టుల జోలికి పోనక్కరలేదు.

నేల తడిని కొలిచే సెన్సరుతో మొదలుపెట్టండి. రెండు లోహపు కాళ్లు నేలలో గుచ్చే చవక రకం కొనవద్దు. కరెంటు పారుతూ ఉండడం వల్ల కాళ్ల మీది పూత కొద్ది వారాల్లోనే తినివేసినట్టయి అంకెలు తప్పు చూపుతాయి. లోహం మట్టికి తగలని కెపాసిటివ్ రకం కొంచెం ఖరీదు, కాని నిలుస్తుంది. దాని పై అంచులోని చిన్న చిప్పు భాగానికి తడి తగలకుండా ఎపాక్సీ జిగురు పూయండి. కోర్సులో చూపిన అంకెలను మీ ప్రోగ్రాములో దింపుకోవడం మాత్రం పనికిరాదు. మీ చెలక మట్టిని ఒక డబ్బాలో ఎండబెట్టి ఒక అంకె, నీళ్లు పోసి జారిన తర్వాత ఒక అంకె మీరే రాసుకోవాలి. పక్క చేను రేగడి అయితే దాని అంకెలు వేరుగా ఉంటాయి. ఒక పంట కాలమంతా ఉదయం సాయంత్రం ఆ అంకెలను, మీరు చేతితో మట్టి పిసికి చూసి చెప్పే మాటను ఒకే పుస్తకంలో పక్కపక్కన రాయండి. ఆ రెండూ కలిసినప్పుడే యంత్రం మాట నమ్మవచ్చు, అంతవరకు మీ చేతినే నమ్మండి.

ప్రశ్న: బ్యాంకులో పనిచేసి పదవీ విరమణ చేశాను, వయసు 63. ఇప్పుడు మొదలుపెడితే మరీ ఆలస్యమా? విడిభాగాలు హైదరాబాదులో ఎక్కడ దొరుకుతాయి?
— ఒక పాఠకుడు, మల్కాజిగిరి

జవాబు: ఆలస్యం కాదు. హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో డేవిడ్ మలాన్ చెప్పే సీఎస్ 50 పాఠాలు ఉచితం. అవి బొమ్మల దిమ్మెలు పేర్చి ప్రోగ్రాము రాసే పిల్లల భాష స్క్రాచ్‌తో మొదలై సీ, పైథాన్ భాషల దాకా వెళతాయి, తొందరపెట్టేవారు లేరు. విడిభాగాలకు కోఠిలోని గుజరాతీ గల్లీకి వెళ్లండి; ఆదివారం కాకుండా చూసుకొని, కావలసినవి కాగితం మీద రాసుకొని పోతే దుకాణదారుకు, మీకు కూడా సమయం కలిసివస్తుంది. మీరు అనుకున్న వస్తువు బల్ల మీద నడిచి, దానికొక పెట్టె, సర్క్యూటు బోర్డు కావలసిన స్థితికి చేరితే రాయదుర్గంలో 2023లో ప్రారంభమైన టీ-వర్క్స్ ఉంది. నమూనాల తయారీకి కావలసిన యంత్రాల కోసమే ప్రభుత్వం దానిని నెలకొల్పింది. ఏళ్ల తరబడి బ్యాంకు లెక్కలు రాసిన చేతికి చుక్క, కామా తప్పకుండా రాసే అలవాటు ఉంటుంది, ప్రోగ్రామింగులో అది సగం బలం.